త్రుప్పు పట్టిన నట్టు



బడిపిల్లలకు ముప్పదియైదేండ్లు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను నేను. నేడు చెప్పబోవు విషయము మాత్రము వ్యాకరణము కాదు. పాతకారులో త్రుప్పు పట్టి కదలని నట్టును ఊడదీయుట యెట్లన్నది నా ప్రసంగము. పంతులుకు నట్టుతో నేమి పనియని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడు. కాని మీ పశువులపాకలో మూలబడిన ఆయిలింజనో, నీటిపంపో యొకటి యుండకపోదు. నేను చేసిన తప్పు మీరు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మా గ్రామము తెనాలికి చేరువ. మా అన్నగారు 1978లో ఒక అంబాసిడరు కారు కొనిరి. ఆ దినములలో నడిరేయి ప్రసవవేదన పడు స్త్రీని పట్టణమునకు చేర్పవలెనన్నను, పాము కరచినవానిని ఆసుపత్రికి గొనిపోవలెనన్నను, ఊరివారు మా వాకిటనే నిలిచెడివారు. అన్నగారు ఒక్కనాడును కాదనలేదు. 2003లో వారు కాలధర్మము నొందిరి. కారు పాకలో చేరినది. ఇరువదియేండ్లు దానిపై కోళ్లు కాపురముండెను. మా వదినెగారికి ఎనుబది దాటిన పిమ్మట ఒకనాడు, "ఒక్కసారి దాని చప్పుడు వినాలని ఉంది, నాయనా" అని నాతో అనిరి. అమ్మవంటి వదినె అడిగినప్పుడు కాదనుట యెట్లు?

ఆ కారుల నిర్మాణము ఉత్తరపారా కర్మాగారములో 2014లోనే నిలిచిపోయినది. కనుక ఏ భాగము చెడినను వెదకి తెచ్చుకొనవలసినదే. ఈ సంగతి తెలిసియు నేను తొందరపడితిని.

ఇంజను తల ప్రక్కను, పొగను వెలికి గొనిపోవు పోతయినుప భాగమొకటి యుండును. దానిని మ్యానిఫోల్డు అందురు. ఇంజను తలలోనికి బిగించిన మరచీలలు దానిని పట్టియుంచును. వానికి స్టడ్డులని పేరు. స్టడ్డు కొనను నట్టు బిగించియుండును. ఇంజను నడచినప్పుడెల్ల కాగుచు, నిలిచినప్పుడెల్ల చల్లారుచు నుండుటచే ఈ నట్టులు మిక్కిలి గట్టిగా పట్టుకొనును. లోపలి గాస్కెట్టు చివికిపోవుటచే మ్యానిఫోల్డును విప్పక తప్పలేదు. రెండు నట్టులు తప్ప తక్కినవన్నియు వచ్చినవి. మేస్త్రి, "రేపు వచ్చి చూస్తాను, ముట్టుకోకండి మాస్టారూ" అని చెప్పిపోయెను.

నేను ముట్టుకొంటిని. పానా పిడికి మూడడుగుల ఇనుపగొట్టము తొడిగితిని. ఏతపుమ్రానుపై దూరముగా నడచినకొలది బాన తేలికగా లేచునని మనమెఱుగుదుము. అట్లే అడుగు దూరమున వేసిన బలము మూడడుగుల దూరమున వేసినచో మూడింతలుగా మెలిపెట్టును. బలమంతయు పెట్టితిని. చేతికి మెత్తగా తగిలినది. నట్టు కదలినదని సంతోషించితిని. అంతలో టప్పుమని శబ్దమై నట్టు నేల రాలెను. దానితోపాటు సగము స్టడ్డును విఱిగి వచ్చినది. అరుగుమీద కూర్చున్న వదినెగారు ఆ శబ్దము విని నా ముఖము చూచి, ఏమియు ననక లోపలికి పోయిరి. నాలుగు తిట్టినను నాకింత బాధ కలుగకపోవును. నిదానమే ప్రధానమని ఎందఱో పిల్లలచేత పలకలపై వ్రాయించిన చేయి యిది.

మఱునాడు మేస్త్రి వచ్చి చూచి ఒక్కమాట అనెను: "నట్టు పోతే నట్టు దొరుకుతుంది మాస్టారూ. స్టడ్డు లోపల విరిగితే ఇంజను తలకే ముప్పు." విఱిగిన స్టడ్డు నడిమిని గుర్తుపెట్టి, సన్నని బరమాతో తొలిచి, పిదప లావు బరమాతో తొలిచి, ముక్కలను ఏరి, మరలు సరిచేయుటకు ఆతనికి ఒక పగలంతయు పట్టినది. బరమా రవంత ప్రక్కకు జరిగినచో తల చెడియుండెడిది.

ఇక రెండవ నట్టు. దాని సంగతి మీరు శ్రద్ధగా వినవలెను.

ఇనుమునకు గాలియు తడియు తగిలిన త్రుప్పు పుట్టును. త్రుప్పు తాను తిన్న యినుముకంటె ఎక్కువ చోటు కోరును. నట్టు మరలకును స్టడ్డు మరలకును నడుమనున్న ఇఱుకుసందులో అది ఉబ్బి మేకువలె దిగబడును. కనుక మన పగ నట్టుతో కాదు, ఆ సందులోని త్రుప్పుతో.

మేస్త్రి మొదట వెలికి కనబడు మరలను తీగెకుంచెతో శుభ్రముగా తోమెను. పిదప త్రుప్పు వదలించు పలుచని నూనెను ఉదయమొకమారు, సాయంకాలమొకమారు, మూడుదినములు చుక్కచుక్కగా పోసెను. ప్రమిదలోని చమురు వత్తివెంట ప్రాకినట్లు పలుచని నూనె సన్నని సందులలోనికి తనంత ప్రాకును. నూనె పోసిన ప్రతిసారియు నట్టుకు ఒకవైపున బరువైన సుత్తి ఆనించి, రెండవవైపున చిన్నసుత్తితో మెల్లగా తట్టెను. ఆ యదురుచే త్రుప్పు పగులును, నూనెకు దారి యేర్పడును.

నాలుగవనాడు నట్టు ఆఱు మూలలను చుట్టి పట్టుకొను రింగుపానా తగిలించెను. నోరు తెఱచిన పానా రెండు మూలలనే పట్టి వానిని అరగదీయును. ఆశ్చర్యమేమన, ఆతడు ముందుగా బిగించు దిక్కునకే వెండ్రుకవాసి త్రిప్పజూచెను. పట్టు విడుచుటకు ఏ దిక్కైననేమి? అయినను నట్టు కదలలేదు. ఆతడు బలము పెంపలేదు. పానా క్రింద పెట్టెను.

అప్పుడు నిప్పు వంతు వచ్చినది. బండిచక్రమునకు ఇనుపకట్టు వేయుట మీరు చూచియుందురు. కాల్చిన కట్టు వ్యాకోచించి చక్రముపై జాఱును. నట్టుకును అదియే ధర్మము. ఇనుము ఒక్క సెంటిగ్రేడు డిగ్రీకి పది లక్షలలో సుమారు 12 వంతులు పెరుగును. 8 మిల్లీమీటరుల రంధ్రముగల నట్టుకు 300 డిగ్రీల వేడి హెచ్చినచో రంధ్రము దాదాపు 0.03 మిల్లీమీటరు పెద్దదగును. తలవెండ్రుక మందమంతయు లేదు. కాని త్రుప్పు పట్టు విడుచుటకు అంతమాత్రమే చాలవచ్చును. స్టడ్డు కాగకముందే నట్టు కాగవలెను గనుక సన్నని మంటను నట్టుపైననే చూపవలెను.

ఇచట జాగ్రత్త ముఖ్యము. కార్బురేటరును, పెట్రోలుగొట్టమును ముందుగానే విప్పి దూరముగా నుంచితిమి. పోసిన నూనెను గుడ్డతో తుడిచితిమి. ఇసుకబొక్కెన ప్రక్కన నుంచితిమి. కన్నులకు అద్దములు పెట్టుకొంటిమి. బండికట్టుపై నీళ్లు చల్లుదుము గాని ఇచట చల్లరాదు. కాగిన పోతయినుముపై చన్నీళ్లు పడిన అది పగులును.

మంట తీసి, వేడినట్టు అంచున క్రొవ్వొత్తి తాకించెను. మైనము కరగి మరలలోనికి దిగినది. రింగుపానా పెట్టి మెల్లగా అదిమెను. కిఱ్ఱుమని నట్టు కదలెను. అంతట సంతోషించి గిఱ్ఱున త్రిప్పలేదు. కొంచెము విప్పును, సగము వెనుకకు త్రిప్పును, మరల విప్పును. పొడియైన త్రుప్పు మరలనడుమ చిక్కుకొని తిరిగి పట్టుకొనకుండుటకు ఇది యుపాయము. ఇట్లు పావుగంటకు నట్టు చేతికి వచ్చినది. స్టడ్డు చెక్కుచెదరలేదు. రాకున్న ఏమి చేసెడివాడవని అడిగితిని. నట్టునే ఉలితో చీల్చి, స్టడ్డును కాపాడుదునని చెప్పెను. తిరిగి బిగించునప్పుడు ఇత్తడి నట్టులు వేసెను. ఇత్తడి ఇనుమువలె త్రుప్పు పట్టదు.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఎన్నడో ఎనిమిదవ తరగతిలో పాఠము అప్పగింపలేదని ఒక పిల్లవానిని బెత్తముతో కొట్టితిని. నోరు విప్పలేదని మఱింత కొట్టితిని. వాడు మఱునాటినుండి బడికి రాలేదు. వాని కష్టమెక్కడ పట్టుకొని యున్నదో నేనడుగలేదు. మూడు దినములు ఓపికపట్టియుండిన అది తెలిసెడిదేమో. నట్టు విఱిగిన మఱియొకటి కొందుము. ఆ పిల్లవాని చదువును నేను తిరిగి తేలేను.

ఈ ప్రసంగము వినువారిలో ఉపాధ్యాయులుందురు, తండ్రులుందురు, తాతలుందురు. ఇంతకంటె చెప్పను.

పదిదినములకు కారు నడచినది. వదినెగారిని వెనుకసీటులో కూర్చుండబెట్టి మేస్త్రి ఇంజను కదలించెను. ఆమె కొంతసేపు కన్నులు మూసికొని విని, "మీ అన్నయ్య ఇంతకంటే మెల్లగా తీసేవారు" అనిరి. మేస్త్రి నావైపు చూచి నవ్వెను.