చాప్‌హౌస్‌లో ఒక పూట
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శిగారి ఆజ్ఞ. నయాగరా గురించి ఇదివరకే ముగ్గురు చెప్పారు గనుక నేను భోజనం గురించి చెబుతాను.

న్యూయార్కులో మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ 36వ వీధిలోని కీన్స్ అనే పాత హోటలుకు తీసుకువెళ్లాడు. 1885లో పెట్టినది. ఇలాంటివాటిని చాప్‌హౌస్ అంటారు. చాప్ అంటే ఎముకతో సహా కోసిన మందపాటి మాంసం ముక్క. లోపల తల ఎత్తి చూస్తే కప్పు నిండా పొడుగాటి మట్టి పైపులు, యాభై వేలకు పైనే! వెంట తీసుకుపోతే విరుగుతాయని, పొగ తాగే పెద్దమనుషులు వాటిని అక్కడే దాచుకునేవారట.

ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లకు ప్రవేశం లేదు. లిల్లీ లాంగ్‌ట్రీ అనే నటి 1905లో కోర్టుకెక్కి గెలిచి, దర్జాగా లోపలికి వచ్చి మటన్ చాప్ తెప్పించుకుందట. అంతదాకా "నాకు బంగాళాదుంపలు చాలు" అంటున్న మా ఆవిడ, ఈ కథ వినగానే "అయితే నాకూ అదే చెప్పు" అంది.

బాగా ఉడికించమని నేను చెప్పబోతే అబ్బాయి ఆపాడు. "నాన్నా, అలా అయితే తోలులా తయారవుతుంది." వచ్చిన ముక్క చూసి నా కట్టుడు పళ్లు తలచుకుని భయపడ్డాను గాని, మెత్తగానే ఉంది. అల్లం లేదు, వెల్లుల్లి లేదు, కారం అసలే లేదు. ఉప్పూ మిరియాలూ అంతే. నమిలేకొద్దీ, ఇన్నేళ్లూ నేను వేటమాంసం రుచి అనుకున్నది మసాలా రుచేనేమో అనిపించింది. పాలకూర, దుంపలు విడిగా చెప్పుకోవాలి, విడిగా డబ్బు కట్టాలి.

వడ్డించినాయనది నా వయసే. ఈ పనిలో ముప్పై ఏళ్లు దాటాయన్నాడు. నేను రిటైరయ్యానంటే చెయ్యి కలిపి అభినందించాడు. బిల్లు వచ్చాక అబ్బాయి దానిమీద నూటికి ఇరవై చొప్పున టిప్పు వేశాడు. నేను మనసులో రూపాయల్లోకి మార్చుకుని, "అంత దేనికిరా, తగ్గించు" అన్నాను. తెలుగులోనే అన్నాను లెండి.

బయటికి వచ్చాక వాడు చెప్పాడు. టిప్పులమీద బతికే పనివాళ్లకు యజమాని ఇవ్వవలసిన కనీస కూలి, ఫెడరల్ చట్టం ప్రకారం, గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991లో పెట్టిన అంకె, నేటికీ మారలేదు. న్యూయార్కు రాష్ట్రంలో అంతకంటె ఎక్కువేనట గాని, అక్కడా టిప్పును లెక్కలో వేసుకునే కూలి కడతారు. మిత్రులారా, కరువుభత్యం ఒక్క విడత ఆగితే టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లం మనం. ఆ టెంటులో ముందు వరసలో కూర్చున్నవాణ్ణి నేను. ఆయన ముందు ఆ మాట అన్నది నేనే! భాష తెలియక బతికిపోయాను. తగ్గించకుండా మంచిపని చేశావని వాడితో అనడానికి నాకు మర్నాటిదాకా నోరు రాలేదు.

మిగిలిన మాంసం ఆయనే డబ్బాలో సర్ది ఇచ్చాడు. మర్నాడు మా ఆవిడ దానికి అల్లం, వెల్లుల్లి, కారం దట్టించి ఇగురు పెట్టింది. అబ్బాయి మారు వడ్డించుకున్నాడు. సెలవు.