బెయిల్ దగ్గరే శిక్ష పడుతోంది



మరైగూడలో నిలబడి బెయిల్ గురించి మాట్లాడాలంటే, నాకు ముందుగా ఇదే సుక్మా జిల్లాలోని బుర్కాపాల్ గుర్తొస్తుంది. 2017 ఏప్రిల్ 24న అక్కడ మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అది ఘోరం. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను అరెస్టు చేసి ఉపా కేసు పెట్టారు. కింది కోర్టు, హైకోర్టు బెయిల్ నిరాకరించాయి. 2022 జూలైలో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులుగా విడుదల చేసింది. అప్పటికి చాలామంది ఐదేళ్లు జైల్లో గడిపారు. ఒకరు జైల్లోనే చనిపోయారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఉపా సెక్షన్ 43డి(5) ప్రకారం, పోలీసు కాగితాలు చూసి ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. ఆ దశలో సాక్ష్యాలను లోతుగా తూచవద్దని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పోలీసుల కథే నడుస్తుంది, నిందితుడి మాట విచారణ దాకా ఆగాలి.

2021లో నజీబ్ కేసులో అదే కోర్టు ఒక తలుపు తెరిచింది. విచారణ ఇప్పట్లో ముగియదనుకుంటే, 43డి(5) ఉన్నా హైకోర్టు, సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వొచ్చంది. కానీ ఇక్కడి కూలి మనిషికి బిలాస్‌పూర్ హైకోర్టు ఎంత దూరం!

అరెస్టయినవారి రక్షణల అధికరణను, నేటి 22ను, 1949లో రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబే. విద్యార్థులారా, ఇకపై ఏ బెయిల్ ఉత్తర్వు చదివినా రెండు విషయాలు వెతకండి: ఆ మనిషి ఎన్నాళ్లుగా లోపలున్నాడు? విచారణ ఎక్కడిదాకా వచ్చింది?

జై భీమ్.