కడుపుతో ఉన్న మన ఇంటివాళ్ల బరువు గురించి

(శుక్రవారం క్యాంపు మెస్సులో మాట్లాడింది. డ్యూటీ ఉండి రాలేనివాళ్ల కోసం రాసి పెడుతున్నాను.)

నేను పదో తరగతి చదివిన సూపర్‌వైజర్ని, డాక్టర్ని కాదు. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మన గ్రూపులో ఈ ఏడాది తండ్రులు కాబోయేవాళ్లు ఉన్నారు. అందరి ఫోన్లలోనూ ఒకటే మాట: "ఇద్దరి కోసం తిను, పని ముట్టుకోకు." లీవు మీద పోయేవాళ్ల చేతికి ఖర్జూరం, టాంగ్, పాలపొడి డబ్బాలు ఇచ్చి పంపుతాం. అది ప్రేమే, కాదనను. కానీ ఇద్దరి కోసం తినమనే మాట తప్పు.

మనం ఉంటున్న హాయిల్ సంగతే చూడండి. సౌదీలో ప్రాంతాలవారీగా ఊబకాయం లెక్క తీసి 2007లో అచ్చేసిన సర్వేలో అన్నిటికన్నా పైన హాయిలే, వందలో 34 మంది దాకా. జిజాన్‌లో 12 మందే. ఇది ఇక్కడివాళ్ల గోల, మనకేంటి అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో వందకు 30 మంది, ఆంధ్రలో 36 మంది ఉండాల్సిన బరువుకు మించి ఉన్నారు.

బరువు ఎక్కువైతే ఏమవుతుంది? కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందరికీ కొంత ఉంటుంది. లావుగా ఉన్న ఒంట్లో అది అప్పటికే తక్కువ పనిచేస్తుంటుంది. దాంతో ముందు షుగర్ లేనివాళ్లకీ షుగర్ వస్తుంది. తల్లి రక్తంలో చక్కెర బిడ్డకు పోతుంది, తల్లి ఇన్సులిన్ పోదు. బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారు చేసుకుని, చక్కెరను కొవ్వుగా దాచుకుని, నాలుగు కిలోలు దాటొచ్చు. "బొద్దుగా పుట్టాడు" అని వీడియో కాల్‌లో మనం మురిసిపోతాం. కాన్పులో తల బయటికొచ్చి భుజం ఇరుక్కునే ప్రమాదం ఇలాంటి బిడ్డలకే ఎక్కువ. బొడ్డు కోయగానే తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకే పుట్టిన కొన్ని గంటల్లోనే చక్కెర పడిపోతుంది.

తల్లికి బీపీ, అది ముదిరి ఫిట్స్ రావడం (మన ఊళ్లలో గుర్రపువాతం అంటారు), ఆపరేషన్ కాన్పు, కుట్లు చీము పట్టడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం కూడా లావున్నవాళ్లలో ఎక్కువ. కడుపులోనే బిడ్డ పోవడం కూడా.

ఇది విని, ఇవాళ్టి నుంచి అన్నం మానెయ్ అని ఫోన్ చేయొద్దు. లావైపోయావని వెక్కిరించొద్దు. కడుపుతో ఉండగా బరువు తగ్గించే పని పెట్టుకోకూడదు, పెరిగేది అదుపులో ఉంటే చాలు. మామూలు బరువున్న మనిషి తొమ్మిది నెలల్లో 11.5 నుంచి 16 కిలోలు, బాగా లావున్నవాళ్లు 5 నుంచి 9 కిలోలు పెరిగితే సరిపోతుందని అమెరికా వైద్య సంస్థ 2009లో చెప్పింది. మనవాళ్లకు ఎంతన్నది అక్కడి డాక్టరమ్మనే అడగాలి. చివరి నెలల్లో కూడా అదనంగా కావాల్సింది రెండు చపాతీలు, గ్లాసు పాలంత. లావున్నారు కదా అని ఐరన్ మాత్రలు మానొద్దు, లావున్నవాళ్లలోనూ రక్తం తక్కువ ఉంటుంది.

ఫోన్‌లో "తిన్నావా" అని అడిగాక ఇంకో రెండు అడగండి. బీపీ ఎంత ఉంది? షుగర్ టెస్టు అయ్యిందా? 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 వచ్చినా దాటినా షుగరే. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ ఒకసారి చేయించాలి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9న సర్కారు దవాఖానలో డాక్టరు ఉచితంగా చూస్తారు. డాక్టరు వద్దనకపోతే రోజూ నడవాలి. "కడుపుతో ఉన్నదానికి నడకేంది" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, మీ అమ్మకు మీరే చెప్పండి. కోడలు చెప్తే గొడవవుతుంది.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, మొహం వాచినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, ఇంట్లోవాళ్లు 108కి చేయాలి. ఇక్కడి నుంచి మనకు 108 కలవదు. ఆశా అక్క నంబరు, పక్కింట్లో బండి ఉన్నవాళ్ల నంబరు ఇవాళే ఫోన్‌లో వేసుకోండి. నెలలు నిండినవాళ్లుంటే రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవద్దు.