టీకా వేయించుకున్న రోజులు



టీకా అనే మాట మీద తెలుగు పంతుళ్ళకు కాస్త హక్కుంది. పద్యం చెప్పి దాని కింద టీకా, తాత్పర్యం రాయించేది మేమే కదా! పిల్లలకు మాత్రం టీకా అంటే సూదే. మా బరంపురంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఒడియాలోనూ సూదిమందును టీకా అనే అంటారు. కాబట్టి 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు ఆ ఒక్క మాటనూ ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. తక్కినవన్నీ చెప్పవలసి వచ్చింది. బడిలో నేను తెలుగూ ఒడియా రెండూ చెబుతాను గనక ఆ పని చాలా మటుకు నా మీద పడింది. ఆ సంగతులే ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీద పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో మీకు తెలుసు. 2020 మే నెలలో వాళ్ళంతా రైళ్ళలో, బస్సుల్లో తిరిగి వచ్చారు. మేము పాఠాలు చెప్పే గదుల్లో చాపలు పరిచి వాళ్ళను ఉంచారు. సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చిన రోజులవి. ఆ వానాకాలానికి ఒడిశా మొత్తం మీద గంజాం పేరే ముందు వినిపించేది. ఆగస్టులో భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వాళ్ళు బరంపురంలో రక్తపరీక్షలు చేస్తే, నూటికి 31 మందిలో ఆ జబ్బు వచ్చి పోయిన గుర్తులు కనిపించాయి. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరికి, తెలిసో తెలియకో, సోకిందన్నమాట.

ఈ లెక్క పేపర్లో వచ్చాక మా వీధి వాళ్ళకు ఒక వాదన దొరికింది. "మాకెలాగూ వచ్చి పోయింది టీచరమ్మా, ఇంక సూదెందుకు?" అని. తోసిపుచ్చదగ్గ వాదన కాదది. జబ్బు పడి లేచినవాడికి కొంత రక్షణ ఉంటుంది, నిజమే. కానీ ఆ రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, పైగా వైరస్ రూపం మార్చుకుంటుంది. మరుసటి వేసవిలో డెల్టా రకం వచ్చి ఆ సంగతి అందరికీ చూపించింది. కానీ 2021 మార్చి నాటికి ఊళ్ళో కేసులు తగ్గి, గండం గడిచిందనే ధైర్యం మీద ఉన్నారు జనం.

మా అమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అరవై దాటినవాళ్ళకు 2021 మార్చి 1 నుంచే టీకా ఇస్తున్నా ఆవిడ ఆ నెలంతా కదలలేదు. అలాగని టీకా అంటే తెలియని మనిషి కాదు. ఎడమ చేతి మీద రెండు గుండ్రటి మచ్చలుంటాయి, చిన్నప్పుడు మశూచికి వేసిన టీకాలవి. టీకాలవాళ్ళు వీధిలోకి వచ్చారంటే పిల్లలు అటకెక్కి దాక్కునేవారట. (ఒడియాలో మశూచిని బసంత అంటారు. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకు అదేదో వసంత రుతువు సంగతిలా వినిపిస్తుంది.) మన దేశంలో ఆ రోగం ఆఖరుసారి కనిపించింది 1975లో. ఆ సూదుల పుణ్యమేనని మా అమ్మే ఒప్పుకుంటుంది. ఆవిడ సందేహమల్లా వేరు. "అది మా తాతల నాటి నుంచీ వేస్తున్న మందు. ఇదేటమ్మా, ఏడాది తిరక్కుండా వచ్చేసింది?"

ఈ ప్రశ్నకు నేను నెమ్మదిగానే జవాబు చెప్పాను. పుణె నుంచి వచ్చే కోవిషీల్డ్‌లో చింపాంజీలకు జలుబు తెప్పించే ఒక వైరస్‌ను మన ఒంట్లో పెరగకుండా మార్చి వాడారు. ఆ పద్ధతి మీద ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేరే జబ్బుల కోసం అంతకు ముందు ఏళ్ళ తరబడి పని చేసే ఉన్నారు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌లోనైతే చంపేసిన కరోనా వైరస్సే ఉంటుంది. "హైదరాబాదుదే వేయించు, మనవాళ్ళు చేసింది" అంది అమ్మ. దగ్గరి కేంద్రంలో ఉన్నది పుణె మందు. దానితో మాట మళ్ళీ మొదటికి వచ్చింది.

నా సంగతికి వస్తే, నేను 1976 డిసెంబరులో పుట్టాను. 1977 జనవరి 1కి ముందు పుట్టినవాళ్ళందరికీ 2021 ఏప్రిల్ 1 నుంచి టీకా అన్నారు. నాలుగు వారాలు ఆలస్యంగా పుట్టి ఉంటే మే దాకా ఆగి, పిల్లలతో పోటీ పడి ఫోనులో స్లాటు కోసం వెతుక్కోవలసి వచ్చేది. ఏప్రిల్ 1 ఇక్కడ ఉత్కళ దినోత్సవం. 1936లో ఆ రోజునే ఈ ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చింది. పండుగ వెళ్ళాక ఆ వారంలోనే నేను వేయించుకున్నాను. సూది వేసినామెను "ఏమైనా అవుతుందా?" అని అడిగితే, చూడకుండానే "ఏమీ అవదు, వెళ్ళండి" అంది. రోజుకు ఎందరికి వేస్తుందో పాపం. ఆ రాత్రి నాకు నూటొకటి జ్వరం, ఒళ్ళంతా సలుపు. పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాను. రెండో రోజుకు తగ్గిపోయింది. కానీ మంచం పక్కన కూర్చున్న మా అమ్మ పట్టుకున్నది జ్వరాన్ని కాదు. "ఏమీ అవదని చెప్పారన్నావు!" అంది.

అదే వారంలో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన పోయారు. టీకా వేయించుకున్న పదో రోజున, కోవిడ్‌తో. సూది వేయించుకున్నాడు, మంచం పట్టాడు, పోయాడు. జనానికి కనిపించిన వరస అది. టీకా పని చెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి పద్నాలుగు రోజుల దాకా పట్టవచ్చు. అంటే ఆయనకు టీకాకు ముందో, ఆ కొద్ది రోజుల్లోనో సోకి ఉండాలి. నేను ఈ మాట ఆ ఇంటి వాళ్ళతో అనలేదు. చావు ఇంట్లో లెక్కలు చెప్పకూడదు. వీధి అరుగుల మీద మాత్రం చెప్పాను. విన్నారు గాని వెళ్ళలేదు. ఆశా దిది రెండు సార్లు వచ్చి ఒడియాలో పిలిచింది. ఆమె మాట అందరికీ అర్థమైంది, ఇక్కడ ఒడియా రానివాళ్ళెవరు? కానీ మనిషికి భయం వేస్తే ఇంటి భాషలోనే వేస్తుందండీ. దానికి జవాబు కూడా ఆ భాషలోనే కావాలి.

చివరికి మా అమ్మ వచ్చింది, ఏప్రిల్ మూడో వారంలో. నా మాట మీద కాదు, సూరత్‌లో ఉన్న మేనల్లుడు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడని ఫోను వచ్చాక. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆరుగురం కూర్చున్నాం. సూది వెయ్యడం లేదు. సంగతేమిటంటే, ఒక సీసాలో పది డోసులుంటాయి. మూత విప్పాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. ఆ రోజుల్లో టీకాలు చాలక కేంద్రాలు మూతపడుతున్నాయి. ఆరుగురి కోసం సీసా విప్పి నాలుగు డోసులు పారెయ్యడానికి ఆ నర్సమ్మకు చేతులు రాలేదు. "ఇంకో నలుగురు కావాలి" అంది.

నలుగురు కావాలంటే ఆ వేసవిలో ఇంకో అర్థం ఉండేది. ఆ నలుగురూ దొరకని ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆ మాట మా అమ్మకు ఎలా తగిలిందో తెలియదు. నర్సమ్మ వైపు తిరిగి తన వీధి ఒడియాలో, నాకు ఏమవుతుందో నిజం చెప్పమని అడిగింది. ఆమె మాస్కు సర్దుకుని, అమ్మ పక్కన బల్ల మీద కూర్చుని చెప్పింది: "మావుసీ, రాతిరె జొరొ హెబొ. డొరిబె నాహిఁ." రాత్రికి జ్వరం వస్తుంది, భయపడకండి అని. చెయ్యి నొప్పి చేస్తుంది, రెండు రోజులు ఉంటుంది, మాత్ర వేసుకోండి, మూడో రోజు కూడా తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి రండి అంది. సుగరు మాత్ర, బీపీ మాత్ర మానవద్దంది. రక్తం పలచబడే మందేమైనా వాడుతున్నారా అని తనే అడిగింది.

మా అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. పక్కింటి వాళ్ళకు, ఎదురింటి వాళ్ళకు చేసింది. "జ్వరం వస్తాదంట. వస్తాదని ఈవిడే చెప్తంది. రండి" అని. నేను నెల రోజులుగా చింపాంజీ వైరస్ గురించి చెప్పిన వీధికి అమ్మ ఈ మూడు ముక్కలే చెప్పింది. ముప్పావు గంటలో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పట్టుచీరల మగ్గం నేసే ఒకాయనా వచ్చారు. సీసా విప్పారు.

రాత్రి తొమ్మిదింటికి అమ్మకు జ్వరం వచ్చింది. "చెప్పినట్టే వచ్చింది" అని తృప్తిగా మాత్ర వేసుకుంది.

రెండో డోసు దగ్గర మళ్ళీ చిక్కు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రమ్మన్నవాళ్ళు మే 13న గడువును పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. మందు లేక అలా అంటున్నారని వీధిలో అనుకున్నారు. మందు కొరత నిజమే. ఎడం పెరిగితే మేలన్నదీ నిజమే. ఆ ఫిబ్రవరిలో వచ్చిన పరిశోధనలో, ఆరు వారాల లోపు రెండో డోసు వేస్తే రక్షణ నూటికి 55 పాళ్ళు, పన్నెండు వారాలు దాటాక వేస్తే 81 పాళ్ళు అని తేలింది. కానీ ఆ ఎదురుచూపు ఊరికే పోలేదు. డెల్టా మీద ఒక్క డోసుతో నూటికి 30 పాళ్ళే రక్షణ అని తరవాత లెక్క తేలింది. రెండు డోసులతో 67. మా వీధి వాళ్ళు ఆ మధ్య కాలమంతా తలుపులు వేసుకుని గడిపారు. జులైలో అందరం కలిసే వెళ్ళాం. ఈసారి జ్వరం ఎవరికీ పెద్దగా రాలేదు.

ఇక 2024 సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏప్రిల్ చివర, ఈ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డ కట్టవచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఒప్పుకుందని టీవీల్లో మోగిపోయింది. పాత భయాలన్నీ లేచాయి. పొద్దున్నే నలుగురైదుగురు మా గుమ్మంలో ఉన్నారు. నేను వాళ్ళకు చెప్పింది ఇది. ఆ ప్రమాదం నిజం. కొత్తగా తెలిసింది కాదు, 2021 వసంతంలోనే వైద్యులు చెప్పారు. మన దేశంలో ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వ సంఘం పరిశీలించి, పది లక్షల డోసులకు 0.61 చొప్పున అలాంటి కేసులు వచ్చాయని ప్రకటించింది. ఆ గడ్డ కట్టడం సాధారణంగా సూది వేసిన నాలుగు నుంచి నలభై రెండు రోజుల లోపల కనిపిస్తుంది. మనకు మూడేళ్ళు గడిచాయి.

మగ్గం ఆయన అంతా విని, "అప్పుడే చెప్పి ఉండాల్సింది గదా, టీచరమ్మా" అన్నాడు. ఆయన మాట సబబే. జ్వరం సంగతి చెప్పినట్టే ఇదీ చెప్పి ఉంటే, ఎవరూ రాకుండా పోయేవారని నేననుకోను. మా అమ్మ లోపల్నుంచి కాఫీలు తెచ్చింది. ఆమె అడిగిందల్లా ఒకటే, "మళ్ళీ ఇంకో డోసు ఉందా, ఏటి?" అని.