జోలె పట్టడం ఎన్నాళ్లు?

(కోడంబాక్కం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కోడంబాక్కం స్టూడియోల్లో తెలుగు సినిమా పని ఇంకా జోరుగా సాగుతున్న రోజుల్లోనే, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు తోటి నటీనటులతో జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. జనం ఇచ్చారు. ఇచ్చిన చేతులకు మా నమస్కారం. అయితే పేపర్లో ఫోటో పడని ఊరికోసం జోలె పట్టేదెవరు?

ప్రపంచ సహాయ వ్యవస్థ నేటికీ ఈ జోలె మీదే నడుస్తోంది. ఐక్యరాజ్య సమితి ఏటా ఇంత కావాలని అడుగుతుంది, ధనిక దేశాలు తోచినంత వేస్తాయి. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపేసింది. జూలైకల్లా యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. ఉన్నట్టుండి గేటుకు తాళం పడితే ఎలా ఉంటుందో మిల్లు కార్మికులకు చెప్పాలా? ఆ ఏడాదికి 4,400 కోట్ల డాలర్లు కావాలన్న సమితి, జూన్‌లో ఆ అంకెను 2,900 కోట్లకు కుదించుకుంది. ఆకలి ఏమీ తగ్గలేదు, జాబితాలో పేర్లు కొట్టేశారు, అంతే.

మన బోనస్ కథ గుర్తు చేసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లాభాలు పొంగినప్పుడు బొంబాయి మిల్లు యజమానులు బోనస్ ఇచ్చారు, తర్వాత ఆపేశారు. 1924లో కార్మికులు సమ్మె కట్టారు. విచారణ జరిపిన మెక్లియోడ్ కమిటీ, బోనస్ అడిగే హక్కు కార్మికులకు లేదని తేల్చింది. అంటే అది యజమాని పెట్టే ఇనామేనట! ఆ ఇనాము చట్టమైంది 1965లో. కనీస బోనస్ 8.33 శాతం కావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. పేద దేశాల సహాయానికి తమ జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ధనిక దేశాలకు సమితి 1970లోనే చెప్పింది. అది ఉత్త తీర్మానం. ఆ మాట నిలుపుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కకొస్తాయి.

ఇంకో సంగతి. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు బెస్తవారు పడవలు తెచ్చి జనాన్ని గట్టెక్కించారు. ఎవరో పంపిన సరుకుల మీద ముఖ్యమంత్రి బొమ్మ అతికిస్తున్నారని అప్పట్లో పెద్ద గొడవ. పడవ ఒకరిది, బొమ్మ మరొకరిది! పైస్థాయిలోనూ ఇదే తంతు. 2020 నాటికి సహాయ ధనంలో 25 శాతం స్థానికుల చేతికే అందిస్తామని 2016 ఇస్తాంబుల్ మహాసభలో దాతలు, పెద్ద సంస్థలు ఒప్పుకున్నాయి. గడువు దాటింది, వాటా చేరలేదు.

కాబట్టి సభ ముందు మా ప్రతిపాదన ఇది. వరద వచ్చాక డబ్బా పట్టుకు తిరిగే బదులు, చందాతోపాటు నెలకు పది రూపాయల నిధి విడిగా కడదాం. అద్దె ఇళ్లవారికీ, బదిలీ కార్మికులకూ అందులో సమాన హక్కు ఉండాలి. లెక్క ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి.