రథం ఎక్కినవారు, రథం ముందు పరుగెత్తినవారు

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుకున్నారు. ఇంట్లో అమ్మమ్మ చేతిలోని బైబిలే మీకు తెలుగు బడి. ఆ బైబిల్లో పదే పదే కనబడే ఒక మాట గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఆ మాట రథం.

రథం అనగానే మనకు ఊరి రథోత్సవం గుర్తొస్తుంది. పూలు, మోకులు, లాగే జనం. హెబ్రీ లేఖనాల్లో రథం చాలావరకు అది కాదు, యుద్ధ యంత్రం. రెండు చక్రాలు, రెండు గుర్రాలు, పగ్గాలు పట్టేవాడొకడు, విల్లు పట్టేవాడొకడు. కాలినడకన వచ్చే రైతుల మీదికి అది దూసుకొస్తే వాళ్లకు నిలబడే దారి ఉండేది కాదు. ఈనాటి యుద్ధ ట్యాంకు అనుకోండి. అది రాజుల దగ్గరే ఉండేది.

మొదట యోసేపును చూడండి. ఆదికాండము 41లో ఫరో అతణ్ని తన రెండో రథం ఎక్కించాడు. మనవాడొకడు పైకొచ్చాడని ఎవరైనా సంతోషిస్తారు. కానీ నిర్గమకాండము 14కి వచ్చేసరికి మరో ఫరో శ్రేష్ఠమైన 600 రథాలు తీసుకుని అదే యోసేపు జనాన్ని తరుముతున్నాడు. ఒకణ్ని రథమెక్కించుకున్న రాజ్యమే అతని జనం చేత ఇటుకలు చేయించింది. మనవాడొకడు రథమెక్కినంత మాత్రాన జనానికి విడుదల రాదు. ఈ సంగతి మర్చిపోకండి.

తర్వాత న్యాయాధిపతులు 4. కనాను రాజు యాబీను దగ్గర 900 ఇనుప రథాలు. వాటి బలంతో 20 ఏళ్లు అతడు ఇశ్రాయేలీయులను బాధపెట్టాడు. రథం పరుగెత్తాలంటే చదును నేల కావాలి. అందుకే మైదానాలు రాజులవి, కొండలు పేదలవి. దెబోరా అనే ప్రవక్త్రి జనాన్ని తాబోరు కొండ మీద చేర్చింది. సీసెరా రథాలు కీషోను ఏటి దగ్గరికి వచ్చాయి. 5వ అధ్యాయంలోని ఆమె పాట మేఘాలు నీళ్లు కుమ్మరించాయనీ, ఏరు శత్రువులను కొట్టుకుపోయిందనీ చెబుతుంది. బురదలో ఇనుప చక్రం ఎంత? సేనాధిపతి సీసెరా రథం దిగి కాలినడకన పారిపోయాడు. ఎప్పుడూ నడవనివాడు ఆ రోజు నడిచాడు.

గెలిచినవాళ్లు ఆ రథాలను ఏం చేయాలి? హాసోరు యుద్ధంలో యెహోషువకు వచ్చిన ఆజ్ఞ, గుర్రాల గుదికాలి నరాలు తెగకోసి రథాలను కాల్చేయమని. గుర్రాల సంగతి చదివితే మనసు కలుక్కుమంటుంది. నాకూ అంతే. కానీ అక్కడున్న పాఠం గట్టిది: మిమ్మల్ని అణచిన యంత్రాన్ని మీరు దాచుకోకండి. ద్వితీయోపదేశకాండము 17 కూడా రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదని చెప్పింది. దావీదు మాత్రం నూరు రథాలకు సరిపడా గుర్రాలను అట్టిపెట్టుకున్నాడు. అతని కొడుకు అబ్షాలోము ఒక రథం సంపాదించి, ముందు పరుగెత్తడానికి 50 మందిని పెట్టుకున్నాడు. ఇంకో కొడుకు అదోనీయా కూడా అదే చేశాడు. నూరు రథాలు దాచుకున్న ఇంట్లో పిల్లలు దేని కోసం కొట్టుకుంటారో చూడండి.

ఇక సొలొమోను. 1 రాజులు 10లో అతనికి 1,400 రథాలు. ఐగుప్తు నుండి వచ్చే రథం ధర 600 తులాల వెండి, గుర్రం ధర 150. ఈ లెక్క పక్కన మరో లెక్క పెట్టండి. దావీదు అరౌనా దగ్గర కళ్లాన్నీ ఎడ్లనూ కొన్నది 50 తులాల వెండికి. అంటే గుర్రాలు లేని ఒట్టి రథం ఖరీదు అలాంటి కళ్లాలు పన్నెండు! ఆ గుర్రాలకు యవలూ గడ్డీ రాజు నియమించిన అధికారులు తెచ్చి పోసేవారని 4వ అధ్యాయం చెబుతుంది. యవలు బీదల రొట్టె. వాళ్ల రొట్టె గుర్రాల తొట్టిలోకి పోయింది. పైగా 30,000 మంది చేత వెట్టిపని. వెట్టి అనే మాటకు నిఘంటువు వెతకాల్సిన అవసరం మనకు లేదు. మన తాతల్లో చాలామందికి ఆ మాట ఒంటి మీద తెలుసు. చివరికి సొలొమోను కొడుకు రెహబాము, కాడి తేలిక చేయమని అడిగిన జనం దగ్గరికి వెట్టిపని అధికారినే పంపాడు. జనం ఆ అధికారిని రాళ్లతో కొట్టి చంపారు. రాజు గబగబా రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు. అన్ని రథాలలో ఆ రోజు అతనికి పనికొచ్చింది పారిపోవడానికి ఒక్కటే.

అహాబు మాటేమిటి? క్రీ.పూ. 853లో జరిగిన కర్కర యుద్ధంలో అహాబు 2,000 రథాలతో వచ్చాడని అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు రాతి మీద చెక్కించాడు. రాయి రథాలను లెక్కపెట్టింది. బైబిలు నాబోతు ద్రాక్షతోటను లెక్కపెట్టింది. ఒక రైతు పిత్రార్జితాన్ని చంపి లాక్కున్న ఆ రాజు రథంలోనే చనిపోయాడు. అతని నెత్తురు రథం అడుగున మడుగు కట్టింది.

మరి అగ్ని రథాల సంగతి? ఏలీయాను ఎలీషా నుండి వేరుచేసినవి అగ్ని రథమూ గుర్రాలూ. అప్పుడు ఎలీషా తన గురువునే ఇశ్రాయేలుకు రథాలనీ రౌతులనీ పిలిచి ఏడ్చాడు. గొంగళి కప్పుకున్న ఒక బీద ప్రవక్త, రాజు ముఖం మీద నిజం చెప్పినవాడు, అతడే దేశానికి కాపుదల! దోతానులో ఎలీషా చుట్టూ కొండ నిండా అగ్ని రథాలు నిలిచాయి. అవి ఒక్క బాణం వేయలేదు. పట్టుబడిన సిరియా సైనికులకు ఎలీషా భోజనం పెట్టించి ఇంటికి పంపించాడు. దేవుని రథాలు వచ్చిన చోట శత్రువులు అన్నం తిని వెళ్లారు.

జెకర్యా 9లో రాజు గాడిద మీద వస్తాడు. అతడు తీసేసే రథాలు శత్రువులవి కాదు, ఎఫ్రాయిములో ఉన్నవి. మన సొంత రథాలు. మట్టల ఆదివారం పాడుతూ మనం ఈ మాట దాటేస్తాం.

తమ్ముళ్లూ, నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక పేటలో ఇళ్ల పట్టాల కోసం మేం రోడ్డు పక్కన నిలబడ్డాం. మాట్లాడాల్సింది ఒక పెద్దావిడ. ఆమె దగ్గర ప్లాస్టిక్ కవరులో పాత కాగితాలున్నాయి. ఒక నాయకుడి కార్ల వరుస వచ్చింది. మన పిల్లలే బైకుల మీద జెండాలు పట్టుకుని ముందు పోతున్నారు. కారు ఆగింది, అద్దం దిగింది. ‘పాస్టర్ గారూ, ఎక్కండి, దారిలో మాట్లాడుకుందాం’ అన్నాడాయన. ఎక్కాను. లోపల చల్లగా ఉంది. నన్ను చాలా గౌరవంగా చూశారు. తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ‘అయ్యగారూ, నా కాగితాలు చూపించారా?’ అంది. నేను వాటిని తీసుకోనేలేదు.

ఆ రాత్రి 1 సమూయేలు 8 చదివాను. రాజు మీ కుమారులను తీసుకుంటాడు, వాళ్లు అతని రథాల ముందు పరుగెత్తుతారు అని సమూయేలు హెచ్చరించాడు. పెట్రోలు డబ్బుకీ బిర్యానీ పొట్లానికీ ర్యాలీకి వెళ్లే మన పిల్లలు కళ్ల ముందు కదిలారు. రథంలో కూర్చున్న నేనూ కదిలాను.

కాబట్టి ఏ రథం వచ్చినా, అది పార్టీదైనా, కంపెనీదైనా, సంఘానిదైనా, మూడు ప్రశ్నలు అడగండి. దీని గుర్రాలు ఎవరి యవలు తింటున్నాయి? దీని ముందు పరుగెత్తేది ఎవరి పిల్లలు? ఇది వెళ్లిపోయాక రోడ్డు మీద మిగిలేది ఎవరు? పాస్టర్లు కొత్త కారు కొన్నప్పుడు కూడా అడగండి. కోపగించుకోం. కోపగించుకుంటే ఇంకోసారి అడగండి.

రథం ఎక్కడమే పాపమని నేననను. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఐతియొపీయుడి రథం దగ్గరికి పరుగెత్తాడు. ముందు కాదు, పక్కన. చదివేది అర్థమవుతోందా అని అడిగాడు. పిలిస్తే ఎక్కాడు, నిజం చెప్పాడు, ఇద్దరూ కలిసి నీళ్లలోకి దిగారు. ఎక్కినవాడికి ఎప్పుడు దిగాలో తెలియాలి. ఎక్కేముందు, రోడ్డు మీద నిలబడ్డవాళ్ల కాగితాలు చేతిలో ఉండాలి.

ఆ పెద్దావిడ కాగితాలు మర్నాడు వెళ్లి తీసుకున్నాను. ఆఫీసుకు ఇద్దరం బస్సులో వెళ్లాం. మాట్లాడింది ఆవిడే.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.