ప్రజలకు వ్రాయు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో దీపమారకుండ పుస్తకశాలను నిలుపుట సామాన్యమైన పని కాదు. ఈ శుభసమయమున "ప్రజాసంబంధములకై వ్రాయుట" అను విషయమును గూర్చి మాట్లాడుమని మీ కార్యదర్శిగారు నన్ను కోరినారు. పేరు పెద్దదే గాని పని మనకు క్రొత్తది కాదు. చందాదారులకు పంపు విజ్ఞప్తి, గోడకు అంటించు ప్రకటన, పత్రికకు పంపు వార్త, దాతకు వ్రాయు లేఖ, సంవత్సరాంతమున చదువు నివేదిక, ఇవన్నియు నదియే. ఒక సంస్థ తన్ను గూర్చి తాను పదిమందికి చెప్పుకొను వ్రాత. పూర్వము మన యూళ్లలో దండోరా వేయువాడు ఈ విద్యలో మనకంటె నేర్పరి. ప్రతి వీథి మొగను నిలిచి అరవవలసినవాడు గనుక వ్యర్థపదమొక్కటియు వాడెడివాడు కాడు.

ఈ పనిలో నాకు గురువుగా తోచిన గ్రంథము మీ బీరువాలోనే కలదు. అది గాంధీమహాత్ముని ఆత్మకథ. దానిని సత్యమునకు, అహింసకు చదువుదుము. ప్రజలకు వ్రాయుట ఎట్లో నేర్చుకొనుటకు చదివినవారు తక్కువ.

1896లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు వచ్చి, అచ్చటి భారతీయుల కష్టములను గూర్చి రాజకోటలో ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. వ్రాయుటకును అచ్చు వేయించుటకును సుమారొక నెల పట్టినది. ఆకుపచ్చని అట్ట గలది గనుక "పచ్చ పుస్తకము" అను పేరు వచ్చినది. పదివేల ప్రతులు అచ్చయినవి. అన్ని పత్రికలకును, అన్ని పక్షముల నాయకులకును పంపవలెను. అన్ని ప్రతులను మడిచి కట్టుటకు కూలి ఇచ్చుకొను స్తోమత లేదు. ఆయన పేటలోని పిల్లలను పోగుచేసి, బడి లేని ఉదయములందు రెండు మూడు గంటలు పని చేయుడని అడిగిరి. ప్రతిఫలముగా తన యొద్దనున్న వాడిన తపాలాబిళ్లలు ఇచ్చెదనని చెప్పిరి. పని క్షణములో ముగిసినది. వ్రాత ఎంత గొప్పదైనను అది చేరవలసిన చేతికి చేరు ఏర్పాటు కూడ వ్రాయువాని బాధ్యతయే యని నాకు ఈ ఘట్టమే నేర్పినది. ఆ పిమ్మట మదరాసులో ఆ పుస్తకము మరల పదివేలు అచ్చువేయించిరి. బాగుగనే అమ్ముడైనది గాని అన్ని ప్రతులు అక్కరలేకపోయెనని ఆయనయే ఒప్పుకొనిరి. ఉత్సాహములో అచ్చు వేయించి అటకమీద పెట్టిన కరపత్రములు మనకును లేకపోలేదు.

ఆ పుస్తకమున గాంధీగారు ఉద్దేశపూర్వకముగనే మాట తగ్గించి వ్రాసిరి. దక్షిణాఫ్రికాలో తానే వ్రాసిన దానికంటె ఇందలి భాష మృదువైనది. కాని జరిగినదేమి? రాయిటరు వార్తాసంస్థవారు దాని సారాంశమును ఇంగ్లండునకు తంతి నిచ్చిరి. ఆ సారాంశము యొక్క సారాంశమును లండను నుండి నేటాలునకు పంపిరి. అచ్చున మూడు పంక్తులకు మించని ఆ వార్త చిలవలు పలవలుగా పెరిగి, గాంధీ తమ్ము దేశమంతట దూషించుచున్నాడని అచ్చటి తెల్లవారు ఉడికిపోయిరి. ఆయన మరల వెళ్లిన ఓడను, తోడి ఓడను ఇరువది మూడు దినములు రేవు చేరనీయలేదు. 1897 జనవరి 13న దర్బనులో దిగగా గుంపు రాళ్లతోను, కుళ్లిన గ్రుడ్లతోను కొట్టినది. పోలీసు సూపరింటెండెంటుగారి భార్య తన గొడుగు అడ్డము పెట్టి నిలువకున్నచో ప్రాణమే దక్కెడిది కాదేమో!

అయినను ఆయనను నిర్దోషిగా నిలిపినది కూడ వ్రాతయే. ఆ దినముననే ఒక పత్రికావిలేఖరి ఆయన యొద్దకు వచ్చినాడు. ఫిరోజిషా మెహతాగారి సలహా వలన గాంధీగారు భారతదేశమున ప్రతి ఉపన్యాసమును ముందుగా వ్రాసుకొనియే చదివిరి. ఆ ప్రతులన్నియు వారియొద్ద నుండెను. వానిని విలేఖరి చేతిలో పెట్టి, నేనిచ్చట అనని మాట అచ్చట అనలేదు, చూచుకొనుమనిరి. తన్ను కొట్టినవారిపై అభియోగము తేనని కూడ చెప్పిరి. పత్రికలు ఆయన తప్పు లేదని వ్రాసి, గుంపును నిందించినవి.

నేను ఏ ప్రకటన వ్రాయబోయినను ఆ మూడు పంక్తులు జ్ఞాపకమునకు వచ్చును. మన వ్రాతను ఎవడో ఒకడు కుదించి తీరును. విలేఖరి కుదించును, రచ్చబండ కుదించును, నేడు చేతిలోని సెల్‌ఫోను మరింత కుదించును. కావున మొట్టమొదట ఆ మూడు పంక్తులు మనమే వ్రాసి, శీర్షమున పెట్టవలెను. పత్రికకు పంపునది యైనచో ఎవరు, ఏమి, ఎన్నడు, ఎచ్చట అనునవి అందే ఉండవలెను. చోటు చాలనప్పుడు వారు క్రింది నుండి కోయుదురు గాని పై నుండి కోయరు.

అమెరికాలో ఈ పనిని వృత్తిగా నడిపిన తొలివారిలో ఐవీ లీ అనునతడు ఒకడు. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ యొద్ద రైలు వంతెనపై నుండి నీటబడి యేబది మందికి పైగా మరణించిరి. రైలు కంపెనీలు అట్టి వార్తలు దాచు కాలమది. లీ దాచనీయలేదు. జరిగినది జరిగినట్లు వ్రాసి పత్రికలకిచ్చి, విలేఖరులను అచ్చటికే తీసికొనిపోయినాడు. ఆ మనుష్యుడే 1914లో కొలరాడో గని కార్మికుల సమ్మె వేళ యజమానుల పక్షమున ప్రకటనలు వ్రాయుచు, కార్మిక నాయకులు సంవత్సరమంతయు పొందిన సొమ్మును కొలది వారములలో పొందినట్లు అచ్చు వేసినాడు. తప్పు బయటపడినది. అంతటితో ఆయన పేరునకు అంటిన మచ్చ మరి పోలేదు.

దూరదేశపు మాటలు చాలించి నా సంగతి చెప్పెదను. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేను వేరొక గ్రామమున బడిపంతులునై, అచ్చటి గ్రంథాలయమునకు కార్యదర్శిగా నుంటిని. భవనమునకై చందాలు పోగుచేసితిమి. పని నడుమ ఆగినది. పంతులు సిమెంటు ఇంటికి చేర్చుకొన్నాడని పుకారు పుట్టినది. నేను పౌరుషముతో నాలుగు పుటల కరపత్రము వ్రాసితిని. అందు సరస్వతీ స్తుతి యున్నది, విజ్ఞానజ్యోతి యున్నది, నిందకుల అజ్ఞానమును గూర్చి ఒక పేరా యున్నది. మూడవనాడు ఒక ముసలి రైతు అరుగుమీద కూర్చుండి, "పంతులుగారూ, మనవడిచేత అంతా చదివించుకొని విన్నాను. ఇందులో సిమెంటు ఎక్కడుందండీ?" అని అడిగినాడు.

నిజమేమనగా ఇరువదిరెండు బస్తాలు నేను వరండాలో వేయించగా అకాలవర్షమునకు గడ్డకట్టినవి. చెప్పుటకు సిగ్గుపడితిని.

ఆ రాత్రి మరల వ్రాయలేదు. మరునాడు నన్ను అనుమానించిన నలుగురి యిండ్లకు పోయి, ఏమి తెలియవలెనని అడిగి, వారి మాటలలోనే ఆ ప్రశ్నలు వ్రాసికొంటిని. వచ్చినదెంత? పోయినదెంత? సిమెంటు ఏమైనది? మా డబ్బు ఎప్పుడు గోడ యగును? ఆ వరుసలోనే అరపుట జవాబు వ్రాసి, టీ దుకాణము యొద్ద బిగ్గరగా చదివి వినిపించితిని. నేను "నిరుపయోగమైనవి" అని వ్రాయగా, "గడ్డకట్టినాయని రాయండి, తెలుస్తుంది" అని ఒకరు దిద్దినారు. తప్పు నాదనియు, సగము వెల నేనిచ్చుకొందుననియు చేర్చితిని. గడ్డకట్టిన బస్తాలు బడి వెనుక నున్నవి, చూడవచ్చునని కూడ వ్రాసితిని. చాలమంది వచ్చి చూచిరి, కొందరు కాలితో తన్ని చూచిరి. భవనము లేచినది. రెండు కుటుంబములవారు మాత్రము మరల చందా కట్టలేదు. వారి నమ్మకము మొదటి కరపత్రముతోనే పోయినది.

నేటి మధ్యాహ్నము మీ కార్యదర్శిగారు క్రొత్త గదికై వ్రాసిన విజ్ఞప్తి నాకు చూపినారు. మొదటి మూడు పేరాలలో జ్ఞానము, జ్యోతి, పురోగతి ఉన్నవి. వానకు నూటనలుబది పుస్తకములు తడిసిన సంగతి నాల్గవ పేరాలో దాగి యున్నది. దానిని మొదటికి తెమ్మంటిని. ఎంత కావలెనో, ఎంత చేతనున్నదో దాని క్రిందనే వేయుమంటిని. నాటకము ముగిసిన పిదప నిలిచియుండు వారికి ఆయన దానిని చదివి వినిపించెదరు. తెలియని మాట వచ్చినచోట మొగమాటము లేక ఆపుడు. ఒక ప్రతిని బీరువాలో దాచుడని కూడ వారికి చెప్పితిని.

నటకులు వేషములు కట్టి వేచియున్నారు. సెలవు.